కరెంటు పోయినా కమిట్ నిలవాలంటే: పోస్ట్‌గ్రెస్ వాల్ లోతుపాతులు

డేటాబేస్ "కమిట్", అంటే లావాదేవీ ఖాయమైంది, అని జవాబిచ్చిందంటే మాట ఇచ్చినట్టే. ఆ మరుక్షణమే కరెంటు పోయినా, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ పడిపోయినా, సర్వర్ మళ్లీ లేచేసరికి ఆ లావాదేవీ ఉండి తీరాలి. అయితే ఈ మాట నిలబెట్టుకోవడం ఒక్క డేటాబేస్ చేతిలో లేదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ రాసినది లినక్స్ కెర్నల్, ఫైల్ సిస్టమ్, రెయిడ్ కంట్రోలర్ (చాలా డిస్కులను కలిపి నడిపే కార్డు) దాటుకుని చివరికి డిస్కులోకి చేరాలి. మధ్యలో ఏ ఒక్కటి "రాసేశాను" అని అబద్ధమాడినా పైనున్నవన్నీ నమ్ముతాయి. అప్పుడు కాన్ఫిగరేషన్ ఫైలు ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

సెట్టింగుల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్ ఫైలులో పదాల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టుకోవాలి.

ముందు చిట్టా, తర్వాతే ఆవర్జా

పాతకాలపు కొట్లలో లెక్కలు రాసే పద్ధతే ఇక్కడా ఉంది. అమ్మకం జరగ్గానే గుమాస్తా చిట్టాలో వరసగా పద్దు రాసేస్తాడు. ఎవరి ఖాతాలో అది వారి పేరున ఆవర్జాలోకి ఎక్కించడం తర్వాత, తీరిగ్గా. పోస్ట్‌గ్రెస్‌లో చిట్టా పేరు రైట్ అహెడ్ లాగ్, వాడుకలో వాల్. టేబుళ్లు, ఇండెక్సులు ఉండే 8 కేబీ పేజీలు ఆవర్జా.

ఒక అప్‌డేట్ జరిగితే పేజీ మెమరీలోనే, అంటే షేర్డ్ బఫర్లలోనే మారుతుంది. ఆ మార్పు వివరం వాల్ రికార్డుగా తయారవుతుంది. కమిట్ సమయంలో డిస్కుకు తప్పనిసరిగా చేరాల్సింది ఈ రికార్డు మాత్రమే. పేజీ తర్వాత వెళ్లినా ఫర్వాలేదు. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న పేజీలను రాయడంకన్నా ఒకే ఫైలు చివర వరసగా రాయడం చాలా చవక. వాల్ ఫైళ్లు పీజీ వాల్ డైరెక్టరీలో ఒక్కొక్కటి 16 ఎంబీ సెగ్మెంట్లుగా ఉంటాయి. ప్రతి రికార్డుకూ అది చెడిపోలేదని సరిచూసే సీఆర్‌సీ-32సీ చెక్‌సమ్, అంతకుముందు రికార్డు ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటాయి.

అప్పుడప్పుడు చెక్‌పాయింట్ జరుగుతుంది. మారిన పేజీలన్నీ డిస్కుకు చేరి, "ఫలానా చోటు వరకు పని పూర్తయింది" అన్న గుర్తు పీజీ కంట్రోల్ అనే చిన్న ఫైలులో పడుతుంది. క్రాష్ తర్వాత పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలు చూసి, చివరి చెక్‌పాయింట్ చూపిన చోటి నుంచి వాల్‌ను మళ్లీ ఆడిస్తుంది. చెక్‌సమ్ సరిపోని రికార్డు ఎదురైన చోట చిట్టా అయిపోయిందని ఆగుతుంది. ఈ సిద్ధాంతానికి పునాది వేసిన ఏరీస్ పత్రం ఐబీఎంలో సి. మోహన్ బృందం 1992లో ప్రచురించినది. పూర్తికాని లావాదేవీల మార్పులను వెనక్కి తీసే, అందులోని అన్‌డూ దశ పోస్ట్‌గ్రెస్‌కు అవసరం లేదు. వరసల (రోల) పాత వెర్షన్లు టేబుల్‌లోనే ఉంటాయి కాబట్టి, కమిట్ కాని లావాదేవీల వరసలు ఎవరికీ కనిపించకుండా ఉంటే చాలు.

వేగం కోసం ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఎఫ్‌సింక్ (రాసినదాన్ని డిస్కుకు చేర్చమని కెర్నల్‌ను అడిగే పిలుపు), సింక్రనస్ కమిట్ అనే రెండు సెట్టింగులనూ "ఆఫ్ చేస్తే వేగం పెరుగుతుంది" అనే ఒకే గాటన కట్టేస్తారు. రెండింటి నష్టానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

సింక్రనస్ కమిట్ ఆఫ్ చేస్తే, వాల్ డిస్కుకు చేరేదాకా ఆగకుండా క్లయింటుకు జవాబు వెళ్లిపోతుంది. వెనకాల వాల్ రైటర్ అనే ప్రాసెస్ దాన్ని డిస్కుకు పంపుతూ ఉంటుంది. దాని విరామం, వాల్ రైటర్ డిలే, డిఫాల్ట్‌గా 200 మిల్లీసెకన్లు. క్రాష్ అయితే గరిష్ఠంగా దానికి మూడు రెట్లు, అంటే సుమారు 600 మిల్లీసెకన్ల కమిట్లు పోవచ్చు. పోయినవి పోతాయి గానీ, మిగిలిన డేటాబేస్ పొందికగానే ఉంటుంది; ఏ టేబులూ పాడవదు. పైగా ఈ సెట్టింగును ఒక్కో లావాదేవీకి వేరుగా పెట్టుకోవచ్చు. పేజీ వీక్షణల లెక్కలు, సెన్సర్ రీడింగులు రాసేచోట సెట్ లోకల్ ఆదేశంతో ఆఫ్ చేసి, డబ్బు లెక్కలు రాసేచోట ఆన్‌లో ఉంచవచ్చు. వేగం కావాలన్నవారికి మేం చెప్పే మార్గం ఇదే.

ఎఫ్‌సింక్ ఆఫ్ అలా కాదు. అది ఆఫ్ అయితే డిస్కుకు చేరిందో లేదో పోస్ట్‌గ్రెస్ అసలు అడగనే అడగదు. కెర్నల్ తనకు తోచిన క్రమంలో రాస్తుంది. వాల్ కన్నా ముందే డేటా పేజీ వెళ్లవచ్చు, చెక్‌పాయింట్ గుర్తు పడ్డాక కూడా పేజీలు మెమరీలోనే ఉండిపోవచ్చు. ఆ సమయంలో కరెంటు పోతే నష్టం అర సెకను కమిట్లతో ఆగదు. ఇండెక్సు ఒకటి చెబుతుంది, టేబుల్‌లో ఇంకొకటి ఉంటుంది. మొత్తం క్లస్టర్‌ను, అంటే ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నిటినీ, బ్యాకప్ నుంచి తిరిగి కట్టుకోవాల్సి రావచ్చు. పోతే మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకోగల టెస్ట్ డేటాబేస్‌కు, మొదటిసారి భారీగా డేటా ఎక్కించేటప్పటికి తప్ప దీన్ని ముట్టుకోకూడదు.

మూడోది ఫుల్ పేజ్ రైట్స్. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. కింద డిస్కు రాసే తునక 4 కేబీయో 512 బైట్లో. పేజీ సగం రాసేసరికి కరెంటు పోతే డిస్కు మీద పై సగం కొత్తది, కింది సగం పాతది. ఈ చిరిగిన పేజీ మీద వాల్‌లోని చిన్న మార్పును పూస్తే చెత్త మీద చెత్తే. అందుకని ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీ మొదటిసారి మారినప్పుడు దాని పూర్తి నకలు వాల్‌లో పడుతుంది. ఇది వాల్ పరిమాణాన్ని బాగా పెంచుతుంది. అది చూసి ఆఫ్ చేయాలనిపిస్తుంది, చేయకండి. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి, పేజీ చిరగదని హామీ ఇచ్చే ఫైల్ సిస్టమ్ మీద తప్ప అది ఆన్‌లోనే ఉండాలి. భారం తగ్గించడానికి వాల్ కంప్రెషన్ ఆన్ చేయండి. 15వ వెర్షన్ నుంచి ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ పద్ధతులు కూడా ఉన్నాయి. చెక్‌పాయింట్ల మధ్య దూరం పెంచినా పూర్తి నకళ్లు తగ్గుతాయి.

మైఎస్‌క్యూఎల్ వాడేవారికి ఇదే లెక్క వేరే పేర్లతో ఉంటుంది. ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్‌ఎక్స్ కమిట్ విలువ 1, సింక్ బిన్‌లాగ్ విలువ 1 ఉండాలి. మొదటిదాన్ని 2 చేస్తే కమిట్‌కు కెర్నల్ దాకా మాత్రమే రాసి, డిస్కుకు సుమారు సెకనుకోసారి పంపుతుంది. చిరిగిన పేజీల సమస్యను, పేజీని ముందు వేరేచోట ఒకసారి రాసిపెట్టే డబుల్‌రైట్ బఫర్ చూసుకుంటుంది.

డిస్కు చెప్పేది నిజమేనా

డిస్కుల లోపల చిన్న ర్యామ్ క్యాష్ ఉంటుంది. రాత అందులో పడగానే "అయింది" అని చెప్పే అలవాటు కొన్ని డిస్కులకు ఉంది. ఫ్లష్ ఆదేశం వచ్చినప్పుడైనా క్యాష్‌ను నిజంగా ఖాళీ చేయాలి. చవక సరుకులో దాన్నీ పట్టించుకోనివి ఉంటాయి.

దీన్ని పట్టుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌తోపాటే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే సాధనం వస్తుంది. వాల్ ఉండబోయే డిస్కు మీదే ఒక ఫైలు దారి ఇచ్చి నడపాలి. వేరే డిస్కు మీద నడిపితే ఆ అంకెలకు అర్థం లేదు. ప్రతి పద్ధతికీ సెకనుకు ఎన్ని సింక్‌లు జరిగాయో చూపిస్తుంది. తిరిగే డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుందంటే సెకనుకు 120 చుట్లు, ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. బ్యాటరీ క్యాష్ ఏదీ లేని అలాంటి డిస్కు సెకనుకు కొన్ని వేల సింక్‌లు చేశానంటే అది అబద్ధమాడుతోందనే అర్థం. ఎస్‌ఎస్‌డీలకు ఈ చుట్ల లెక్క కుదరదు. అక్కడ చూడాల్సింది స్పెసిఫికేషన్ కాగితంలో పవర్ లాస్ ప్రొటెక్షన్ అన్న మాట ఉందా అని. ఉంటే లోపల కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నదాన్ని ఫ్లాష్‌లోకి దింపేంత శక్తి వాటిలో నిల్వ ఉంటుంది. ఇలాంటి డిస్కు ఫ్లష్‌కు వెంటనే జవాబిచ్చినా తప్పులేదు. ల్యాప్‌టాప్ కోసం అమ్మే ఎస్‌ఎస్‌డీని సర్వర్‌లో పెట్టి డబ్బు మిగుల్చుకోవడం ఈ ఒక్క కారణంగానే మంచి పని కాదు.

సాటా డిస్కు క్యాష్ మీద నమ్మకం లేకపోతే హెచ్‌డీపారమ్ ఆదేశంతో, పెద్ద డబ్ల్యూ ఆప్షన్‌కు 0 ఇచ్చి ఆపేయవచ్చు. రీబూట్ తర్వాత అది మళ్లీ ఆన్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి బూట్ సమయంలో నడిచేలా పెట్టాలి. రెయిడ్ కంట్రోలర్‌కు బ్యాటరీ ఉంటే డిస్కుల సొంత క్యాష్‌లను ఆపి, కంట్రోలర్ క్యాష్‌ను మాత్రమే వాడండి. ఆ బ్యాటరీకి వయసు మీరుతుంది. చాలా కంట్రోలర్లు అప్పుడు వాటంతట అవే రైట్ త్రూకి, అంటే డిస్కుకు రాశాకే జవాబిచ్చే పద్ధతికి, మారిపోతాయి. ఒకరోజు హఠాత్తుగా కమిట్లు నెమ్మదించడానికి అదొక కారణం. బ్యాటరీ పోయినా రైట్ బ్యాక్‌లోనే (క్యాష్‌లో పడగానే జవాబిచ్చే పద్ధతిలోనే) ఉండమని బలవంతపెట్టే ఆప్షన్ కనిపిస్తే దాని జోలికి పోవద్దు. ఫైల్ సిస్టమ్ మౌంట్ ఆప్షన్లలో, ఫ్లష్ ఆదేశాలను ఆపేసే నోబ్యారియర్ ఉంటే తీసేయండి.

ఎండాకాలం కోతలకు యూపీఎస్ ఉంది కదా అంటారు. యూపీఎస్ మంచిదే. కానీ సర్వర్ పవర్ సప్లై కాలిపోయినా, ప్లగ్ ఊడినా అది కాపాడలేదు.

కెర్నల్ వైపు కూడా ఒక పాఠం ఉంది. 2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు ఒక కలవరపెట్టే సంగతి బయటపెట్టారు: లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, రాయలేకపోయిన పేజీలను కెర్నల్ శుభ్రమైనవిగా గుర్తు పెట్టేయగలదు. రెండోసారి ఎఫ్‌సింక్ అడిగితే "అంతా బాగుంది" అని జవాబు వస్తుంది. డేటా మాత్రం డిస్కు మీద ఉండదు. అప్పటిదాకా పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నించి, ఆ జవాబును నమ్మేది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2, దానితోపాటు వచ్చిన పాత శాఖల సవరణల నుంచి, ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్ పానిక్ అయి పడిపోతుంది. లేచి వాల్ నుంచి కోలుకుంటుంది. డేటా సింక్ రీట్రై అనే సెట్టింగుతో పాత ప్రవర్తన తెచ్చుకోవచ్చు గానీ అది ఆఫ్‌లోనే ఉండాలి. పడిపోవడమే ఇక్కడ సురక్షితమైన దారి.

కోలుకోవడానికి ఎంతసేపు

రికవరీలో వాల్‌ను ఆడించేది ఒకే ఒక ప్రాసెస్. కాబట్టి చెక్‌పాయింట్ల మధ్య ఎంత వాల్ పోగైందన్నదే సమయాన్ని నిర్ణయిస్తుంది. డిఫాల్ట్‌గా చెక్‌పాయింట్ టైమౌట్ 5 నిమిషాలు, మ్యాక్స్ వాల్ సైజ్ 1 జీబీ. రద్దీ ఉన్న సర్వర్‌కు ఆ 1 జీబీ తక్కువ. "చెక్‌పాయింట్లు మరీ తరచుగా జరుగుతున్నాయి" అని లాగ్‌లో కనిపిస్తుంది. 15 నిమిషాలు, 8 లేదా 16 జీబీ మంచి మొదలు. ఆ తర్వాత టెస్ట్ సర్వర్ మీద నిజంగా పడేసి, ఎంతసేపట్లో లేచిందో కొలిచి సరిచేసుకోవాలి. చెక్‌పాయింట్ కంప్లీషన్ టార్గెట్ 14వ వెర్షన్ నుంచి 0.9గానే వస్తోంది, దాన్ని అలాగే వదిలేయండి.

మ్యాక్స్ వాల్ సైజ్ గట్టి హద్దు కాదు. నిండిన వాల్ ఫైళ్లను వేరేచోట దాచే ఆర్కైవ్ ఆదేశం విఫలమవుతూ ఉన్నా, ఆగిపోయిన రెప్లికా (డేటాబేస్ నకలును నడిపే మరో సర్వర్) కోసం వాల్‌ను పట్టి ఉంచే రెప్లికేషన్ స్లాట్ ఎదురుచూస్తున్నా వాల్ పెరుగుతూనే పోతుంది. డిస్కు నిండితే సర్వర్ పానిక్ అవుతుంది. మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ 13వ వెర్షన్‌లో వచ్చింది. డిఫాల్ట్ -1, అంటే హద్దు లేదు. దానికి డిస్కు సైజును బట్టి ఒక విలువ ఇవ్వండి. హద్దు దాటితే వెనకబడిన రెప్లికాను మళ్లీ కట్టుకోవాల్సి వస్తుంది, ప్రైమరీ (అసలు సర్వర్) మాత్రం బతుకుతుంది.

డిస్కు నిండినప్పుడు పీజీ వాల్ లోంచి ఫైళ్లను చేత్తో తీసేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. 10వ వెర్షన్‌కు ముందు ఆ డైరెక్టరీ పేరు పీజీ ఎక్స్‌లాగ్. మామూలు లాగ్ ఫైళ్లనుకుని తుడిచేసి డేటాబేస్‌లు పోగొట్టుకున్నవారి వల్లే పేరు మార్చారు. నిండితే డిస్కు పెంచండి, లేదా వేరే ఫైళ్లు తీసి చోటు చేసి సర్వర్‌ను లేపండి. తర్వాత స్లాట్‌నో ఆర్కైవ్‌నో సరిచేయండి. మిగతా వాల్‌ను పోస్ట్‌గ్రెస్సే తీసుకుంటుంది.

ఆర్కైవ్: డిస్కే పోతే

క్రాష్ రికవరీకి డిస్కు బతికి ఉండాలి. అదే పోతే బేస్ బ్యాకప్ (మొత్తం డేటా ఫైళ్ల నకలు), ఆర్కైవ్ చేసిన వాల్ రెండూ కావాలి. ఆర్కైవ్ కమాండ్‌గా చాలాచోట్ల కనిపించేది "ఆ పేరుతో ఫైలు లేకపోతే సీపీ ఆదేశంతో కాపీ చెయ్యి" అనే ఒక్క లైను. ఇందులో రెండు లోపాలున్నాయి. సీపీ ఎఫ్‌సింక్ చేయదు; అవతలి యంత్రం పడితే "ఆర్కైవ్ అయింది" అనుకున్న ఫైలు సున్నా బైట్లతో మిగలవచ్చు, ఇవతల పోస్ట్‌గ్రెస్ తన కాపీని అప్పటికే తీసేసి ఉంటుంది. రెండోది ఇంకా మెలికైనది. ఫైలు కాపీ అయ్యాక, ఆ సంగతి స్థిరంగా నమోదయ్యేలోపు సర్వర్ పడితే, లేచాక అదే ఫైలును మళ్లీ ఆర్కైవ్ చేయమంటుంది. "ఫైలు ఉంది కాబట్టి కుదరదు" అని మన లైను ప్రతిసారీ విఫలమవుతుంది, వాల్ పోగుపడుతుంది. సరైన పద్ధతి: ఉన్న ఫైలు బైటు బైటూ ఒకటే అయి, డిస్కుకు చేరినదే అయితే విజయం చెప్పాలి; తేడా ఉంటే విఫలం కావాలి. ఇంత జాగ్రత్త సొంతంగా రాసుకోవడంకన్నా పీజీబ్యాక్‌రెస్ట్, బార్మన్, వాల్-జీ లాంటి సాధనాలు వాడటమే మేలు. పీజీ స్టాట్ ఆర్కైవర్ వ్యూలో విఫలమైన లెక్క, చివరగా ఆర్కైవ్ అయిన సమయం ఉంటాయి. వాటికి అలారం పెట్టండి.

ఆర్కైవ్ టైమౌట్ 60 సెకన్లు పెడితే ఎక్కువలో ఎక్కువ ఒక నిమిషం డేటా ప్రమాదంలో ఉంటుంది. కానీ నిండినా నిండకపోయినా సెగ్మెంటు 16 ఎంబీయే. ఎప్పుడూ ఏదో ఒక రాత జరిగే సర్వర్‌లో రోజుకు 1,440 ఫైళ్లు, అంటే 22.5 జీబీ. కంప్రెస్ చేస్తే ఖాళీ భాగం దాదాపు మాయమవుతుంది. ఆ ఒక్క నిమిషం కూడా పోకూడదంటే సింక్రనస్ రెప్లికేషన్, అంటే రెప్లికాకు చేరాకే కమిట్ చెప్పడం, కావాలి. దానికి కనీసం రెండు స్టాండ్‌బైలు (రెప్లికాలు) పెట్టి, "ఎనీ 1" (ఏదో ఒకటి అందుకుంటే చాలు) అని రాయండి. ఒక్కటే ఉంటే అది పడిన రోజు ప్రైమరీలో కమిట్లన్నీ వేలాడుతూ ఉండిపోతాయి.

వాల్‌లో రహస్యాలు కూడా ఉంటాయి

వాల్ అంటే డేటాకు రెండో కాపీ. ఒక సెగ్మెంటును స్ట్రింగ్స్ ఆదేశంతో చూస్తే పేర్లు, ఫోన్ నంబర్లు చాలాసార్లు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. టేబుల్ నుంచి డిలీట్ చేసిన వరసలూ ఆర్కైవ్‌లో మిగిలే ఉంటాయి. వ్యక్తిగత డేటాను తుడిచేయమని అడిగే హక్కును మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చింది కాబట్టి, ఆర్కైవ్‌ను ఎన్నాళ్లు ఉంచుతారో ముందే రాసిపెట్టుకుని, గడువు దాటినవి నిజంగా తొలగించాలి.

డేటా డైరెక్టరీ డిఫాల్ట్‌గా 0700 (యజమానికి మాత్రమే) అనుమతులతో ఉంటుంది. ఆర్కైవ్ పెట్టే చోటే ఎవరికి పడితే వారికి తెరిచి ఉండటం తరచుగా జరిగే తప్పు. మూల పోస్ట్‌గ్రెస్‌లో ఫైళ్లను గుప్తీకరించే ఏర్పాటు లేదు. సర్వర్ డిస్కుకు లక్స్ (లినక్స్ డిస్కు గుప్తీకరణ), ఆర్కైవ్‌కు పీజీబ్యాక్‌రెస్ట్‌లోని ఏఈఎస్-256 వాడండి. లక్స్ కాపాడేది దొంగిలించిన డిస్కును. నడుస్తున్న సర్వర్‌లోకి చొరబడినవాడి నుంచి కాదు. ఆర్కైవ్ తాళంచెవిని ఆ సర్వర్‌లోనే కాక వేరే చోట కూడా భద్రపరచాలి, లేకపోతే సర్వర్‌తోపాటే బ్యాకప్ కూడా పోయినట్టే. రెప్లికేషన్ హక్కున్న రోల్ (డేటాబేస్ వాడుకరి ఖాతా) మొత్తం క్లస్టర్‌ను బేస్ బ్యాకప్‌గా లాక్కోగలదు. అందుకే, ఎవరు ఎక్కడి నుంచి రావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలులో దానికి హోస్ట్‌ఎస్‌ఎస్‌ఎల్ లైను, స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256 పాస్‌వర్డ్ పద్ధతి, స్టాండ్‌బైల ఐపీలు మాత్రమే ఉండాలి.

సందేశాలు పడే టెక్స్ట్ లాగ్ వేరే సంగతి. లాగ్ స్టేట్‌మెంట్‌కు డీడీఎల్ (టేబుళ్లు, రోల్స్ లాంటివాటిని మార్చే ఆదేశాలు) పెట్టినచోట ఆల్టర్ రోల్‌తో పాస్‌వర్డ్ మారిస్తే అది అచ్చంగా లాగ్‌లో పడుతుంది. పీఎస్‌క్యూఎల్ క్లయింటులోని బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ ఆదేశం వాడితే ముందే హ్యాష్ అయి వెళ్తుంది. లాగ్ పారామీటర్ మ్యాక్స్ లెంగ్త్ 0 చేస్తే క్వెరీలకు విడిగా అందించే పారామీటర్ల విలువలు లాగ్‌లోకి రావు. లాగ్ ఫైల్ మోడ్ 0600 మార్చకండి. పోస్ట్‌గ్రెస్ సొంత లాగింగ్ కలెక్టర్ సందేశాలను వదలదు; మరీ రద్దీ అయితే ప్రాసెస్‌లనే ఆపుతుంది. సిస్‌లాగ్ అలాంటప్పుడు సందేశాలను వదిలేయగలదు. ఆడిట్ కోసం ఉంచేవారికి ఈ తేడా ముఖ్యం.

పడ్డాక ఏం చూడాలి

లేచేటప్పుడు "డేటాబేస్ సరిగా ఆపలేదు, ఆటోమేటిక్ రికవరీ జరుగుతోంది" అని వస్తుంది. చివర్లో "ఇన్‌వ్యాలిడ్ రికార్డ్ లెంగ్త్, 24 కావాలి, 0 వచ్చింది" అని కనిపిస్తే కంగారు పడొద్దు. రికార్డు హెడర్ 24 బైట్లు. చిట్టా అయిపోయిన చోట సున్నాలుంటాయి, అంతే. "రీడూ డన్" పడి, కనెక్షన్లకు సిద్ధమంటే పని పూర్తయినట్టు.

లేవకపోతే పీజీ రీసెట్‌వాల్ నడపమని ఎవరో ఒకరు చెబుతారు. అది వాల్‌ను పారేసి సర్వర్‌ను బలవంతంగా లేపుతుంది. సగం లావాదేవీలు మిగిలిపోవచ్చు. ముందు సర్వర్ ఆపి, మొత్తం డేటా డైరెక్టరీని వేరే డిస్కుకు కాపీ చేయండి. తర్వాత బ్యాకప్ నుంచి దారి ఉందేమో చూడండి. ఏ దారీ లేనప్పుడే ఇది వాడి, వెంటనే డంప్ తీసి కొత్త క్లస్టర్‌లో ఎక్కించాలి. పాతదాన్ని అలాగే నడపకూడదు. పేజీ చెక్‌సమ్‌లు ఉంటే పాడైన పేజీ మౌనంగా దాటిపోదు. 2025లో వచ్చిన 18వ వెర్షన్‌లో కొత్త క్లస్టర్లకు అవి డిఫాల్ట్‌గా ఆన్. పాతవాటికి సర్వర్ ఆపి పీజీ చెక్‌సమ్స్‌తో ఆన్ చేయవచ్చు.

ఇక పరీక్ష. కిల్ -9తో ప్రాసెస్‌ను చంపి చూసి, లేచింది కాబట్టి అంతా బాగుందనుకోవడం తప్పు. ప్రాసెస్ చచ్చినా కెర్నల్ క్యాష్ బతికే ఉంటుంది, ఎఫ్‌సింక్ ఆఫ్‌లో ఉన్నా ఈ పరీక్ష పాసవుతుంది. రూట్‌గా సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ అనే కెర్నల్ ఫైలులో బి అని రాస్తే సింక్ చేయకుండా యంత్రం రీబూట్ అవుతుంది. ఇది కెర్నల్ దాకా పరీక్షిస్తుంది, డిస్కుకు మాత్రం కరెంటు అందుతూనే ఉంటుంది. డిస్కు అబద్ధం బయటపడేది వైరు లాగినప్పుడే. టెస్ట్ సర్వర్‌లో వరస సంఖ్యలు కమిట్ చేస్తూ, విజయం వచ్చిన ప్రతి సంఖ్యనూ వేరే యంత్రంలో రాసుకునే చిన్న ప్రోగ్రాం నడపండి. మధ్యలో వైరు లాగండి. లేచాక ఆ యంత్రంలో ఉన్న చివరి సంఖ్య టేబుల్‌లో ఉందో లేదో చూడండి. ఒక్కసారి కాదు, ఇరవై సార్లైనా చేయండి. క్యాష్‌లో రాత ఇరుక్కునే క్షణం ప్రతిసారీ దొరకదు. ఆ తర్వాత పీజీ ఆమ్‌చెక్ నడిపి టేబుళ్లూ ఇండెక్సులూ సరిపోయాయో లేదో చూసి, అప్పుడే ఆ డిస్కును ప్రొడక్షన్‌లోకి తీసుకోండి.